పాత ట్రావెలర్‌కి ఇంజన్ చేయించాలా, మార్చాలా? వాడి చూశాక నా మాట

మాది కొరాపుట్ జిల్లా జయపురం. దామన్‌జోడిలో స్టాఫ్ డ్యూటీ తిరిగిన పాత టెంపో ట్రావెలర్‌ని కొని వెనక మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించుకుని తిరుగుతున్నాం. మెర్సిడెస్ ఓఎం616 అనే పాత డీజిల్ ఇంజన్ వంశానిది, మొండిది. అయినా సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరు దాటేది కాదు, వెనకంతా నీలం పొగ, స్టార్ట్‌లో ఉంచి ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున ఆవిరి.

తలో మాట చెప్పారు. పిస్టన్ రింగులు మార్చేస్తే చాలన్నాడు ఒక మిస్త్రీ. బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టం) అరిగి కోలగా అయిపోయాక కొత్త రింగులు ఎన్నాళ్లు ఆగుతాయి? స్క్రాప్ ఇంజన్ (పాత బండిలోంచి తీసింది) చవకే, కానీ దాని లోపల ఏముందో అమ్మేవాడికే తెలీదు, పైగా మార్చిన 14 రోజుల్లో ఆర్టీవోకి చెప్పి కొత్త నంబర్ ఆర్సీలో ఎక్కించాలి, సరైన బిల్లు లేకపోతే ఆ టెన్షన్ వేరే. కొత్త ఇంజన్ ఊసే వద్దు, బండి ఖరీదు కంటే ఎక్కువ.

అందుకే ఏదీ ఒప్పుకోకముందు కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూపించి, ఇంజన్ దించి సాలూరులో కొలిపించాను (లారీల ఊరు, లేత్ పని తెలిసినవాళ్లు ఉంటారు). క్రాంకు షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 0.25 మి.మీ. గ్రైండింగ్‌తో, అంటే పైపైన అరగదీస్తే, సరిపోయింది. అది చూశాకే ఫుల్ ఇంజన్ పనికి సరే అన్నాను: బోరింగ్, పిస్టన్లు, బేరింగులు, హెడ్ ఫేసింగ్, వాల్వ్ గైడ్లు. డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాజిల్స్ తర్వాత చూద్దామన్నారు, నేను వినలేదు, అవీ అప్పుడే చేయించాను. నాజిల్ సరిగ్గా కొట్టకపోతే కొత్త పిస్టన్ కూడా కాలిపోతుంది. రేడియేటర్ కూడా విప్పించి కడిగించాను. మొదటి వెయ్యి కిలోమీటర్లు లోడు లేకుండా నెమ్మదిగా నడిపి ఆయిల్ మార్చాం.

ఇన్నేళ్ల వాడకంలో పొగ లేదు, సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ పోయాల్సిన పని లేదు, అదే ఘాట్‌లో చాలా చోట్ల మూడో గేరు లాగుతోంది. మైలేజ్ మాత్రం పెద్దగా పెరగలేదు, చప్పుడు ఎప్పటిలాగే ట్రాక్టర్‌లా ఉంది. ఒక్కటే చిరాకు: క్రాంకు వెనక ఆయిల్ సీల్ వంకరగా కొట్టడంతో కొన్నాళ్లకే కారింది, మళ్లీ గేర్‌బాక్స్ దించితే ఆ కూలీ కూడా నా దగ్గరే లాగారు. సీల్ కొట్టేటప్పుడు పక్కనే నిలబడండి. క్రాంకు ముందే రెండుమూడు సార్లు గ్రైండ్ అయిపోయి, ఇంకా అరగదీసే వీలు లేకపోతే మాత్రం నేనైతే బిల్లున్న సెకండ్ ఇంజన్‌కే వెళ్లేవాణ్ని.