బోర్గుండ్ చెక్క చర్చి (నార్వే): అరగంట అనుకుని వెళ్ళి రెండున్నర గంటలు ఉండిపోయాం

అమ్మానాన్న వచ్చారని ఓస్లో నుంచి ఈ16 రోడ్డు మీద ఫ్యోర్డ్‌ల (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) వైపు బయల్దేరాం, దారిలో లార్డాల్ లోయలో ఈ చర్చి ఉంది కదా ఒకసారి దిగి చూద్దాం అన్నా.

టికెట్ పక్కనున్న విజిటర్ సెంటర్‌లో తీసుకోవాలి. తీసుకున్నాక వెంటనే లోపలికి పోకండి, ముందు బయట మెల్లగా ఒక ప్రదక్షిణ చేయండి. ఒకదాని మీద ఒకటి ఎక్కిన కప్పులు, చేప పొలుసుల్లా పేర్చిన చెక్క పెంకులు, కింది కప్పుల మీద శిలువలు, పైన నోరు తెరిచిన డ్రాగన్ తలలు. ఎండ తగిలితే గోడల్నుంచి తారు వాసన వస్తుంది, పైన్ చెట్ల నుంచి తీసిన తారు, అది పూస్తూ వస్తున్నారు కాబట్టే చెక్క వానకీ మంచుకీ ఆగుతోంది.

మా నాన్న ఇల్లు కట్టించినప్పుడు వడ్రంగి పక్కనే కూర్చుని పని చేయించిన మనిషి. ఆయన కళ్ళు మాత్రం అడుగునే ఉన్నాయి. స్తంభాలు నేలకి తగలట్లేదు రా, రాళ్ళ మీద అడ్డ దూలాలు పరిచి వాటి మీద నిలబెట్టారు అన్నారు. అసలు కిటుకు అదే! అంతకుముందు చర్చిల్లో స్తంభాల్ని నేరుగా మట్టిలో పాతేవాళ్ళు, అడుగు కుళ్ళిపోయేది. దీని కలప 1180-81 చలికాలంలో కొట్టిందని చెట్టు వలయాలు లెక్కపెట్టి తేల్చారు, అంటే 840 ఏళ్ళు దాటింది, ఇంకా నిటారుగా ఉంది.

లోపల చీకటి. గోడల్లో బాగా పైన చిన్న గుండ్రటి కన్నాలు, అంతే. కళ్ళు అలవాటు పడే దాకా ఆగితే స్తంభాల మధ్య ఇంటూ ఆకారంలో బిగించిన చెక్కలు, పైన చెక్కిన ముఖాలు ఒక్కొక్కటే బయటపడతాయి. పడమటి ద్వారం మీద తీగలు, పెనవేసుకున్న పాములాంటి జంతువులు. నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది గోడ మీది రూన్ రాతలు, అంటే ఇక్కడి పాతకాలపు లిపిలో చెక్కినవి. తోరిర్ అనే బాటసారి సెయింట్ ఓలాఫ్ పండగ సాయంత్రం ఇటు పోతూ చెక్కాడంట, విధి దేవతలు మంచీ చేశారు చెడూ చేశారు, నాకు చాలా కష్టం రాసిపెట్టారు అని. ఎప్పటి మనిషో, బాధ మాత్రం మనదే అనిపించింది, అమ్మకి చదివి చెప్తే కాసేపు మాట్లాడలేదు.

1868లో ఊరికి పక్కనే కొత్త చర్చి కట్టాక దీన్ని వాడటం మానేశారు, 1877లో పాత కట్టడాల్ని కాపాడే సంఘం కొనేసింది కాబట్టి బతికింది. ఇలాంటివి నార్వేలో మిగిలినవి 28 దాకానే. బెర్గెన్ దగ్గర ఫాంటోఫ్ట్ చర్చిని 1992లో ఎవరో తగలబెట్టారు, ఇప్పుడున్నది మళ్ళీ కట్టింది. అందుకే దీని గోడ మీద చెయ్యి పెట్టాలన్నా నాకు భయమేసింది.

చలికాలంలో మూసేస్తారు, తేదీలు చూసుకుని వెళ్ళండి. దగ్గర్లోనే వింధెల్లా అనే పాత కొండ దారి ఉంది, మంచి షూస్ ఉంటే అదీ నడవండి. నా రేటింగ్ 5కి 5.