చిన్న స్పీకర్లు, వెనక రంధ్రం, ఒక కుమ్మరి పురుగు

మా బుక్‌షెల్ఫ్ స్పీకర్లకి ఈ వేసవితో ఏడేళ్లు నిండాయి. వాటి మీద నాకున్న ప్రేమంతా గొంతు గురించే. పొద్దున్నే అమ్మ కోసం అన్నమయ్య కీర్తన పెడితే, పల్లవి ఎత్తుకునే ముందు గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. వీణ పెడితే మెట్ల మీద వేలు జారే చప్పుడు దాకా తెలుస్తుంది. బీబీసీ వాళ్లు 1970లలో బయటి ప్రసారాల వ్యాన్లలో పెట్టుకోడానికి ఎల్ఎస్3/5ఎ అని ఇలాంటి బుల్లి పెట్టెనే తయారుచేసుకున్నారు. ఇరుకు చోట దగ్గరగా కూర్చుని, మాట తేటగా ఉందో లేదో తేల్చుకోడానికి అది. మా పది బై పన్నెండు హాలుకీ అదే లెక్క సరిపోయింది.

కొన్న కొత్తలో అడిగినవాళ్లందరికీ సబ్ ఊఫర్ (కింది స్వరాల కోసమే విడిగా పెట్టుకునే పెట్టె) దండగ అని చెప్పాను. మృదంగం ఎడమ వైపు దెబ్బ కూడా నిండుగా వస్తోందని మురిసిపోయాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

మూడో ఏడు వేసవిలో కిటికీ పక్కనున్న ఎడమ స్పీకర్ నీరసపడింది. గొంతు బాగానే ఉంది, కింది స్వరాలు మాత్రం కుడి వైపు నుంచే వస్తున్నాయి. వైర్లు అటూ ఇటూ మార్చి చూశాను. అయినా ఎడమ పెట్టెలోనే లోటు, అంటే యాంప్లిఫయర్ తప్పు కాదు. రిపేరు షాపుకి తీసుకెళ్తే, విప్పి చూడకుండానే ఊఫర్, అంటే పెట్టెలో కింది స్వరాలు పలికే భాగం, మార్చాలన్నారు. జత చెడిపోతుందన్న టెన్షన్‌తో వెనక్కి తెచ్చేశాను.

దుమ్ము తుడుస్తుంటే దొరికింది అసలు సంగతి. పెట్టె వెనకనున్న పోర్టు రంధ్రంలో (కింది స్వరాలకి బలమిచ్చే గాలి దారి అది) వేలు పెడితే గట్టిగా మట్టి తగిలింది. కుమ్మరి పురుగు గూడు! రెండు పుస్తకాల మధ్య సందు వదిలి, రంధ్రం కిందికి ఉండేలా పెట్టెను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టాను. చీపురుపుల్లతో కొద్దికొద్దిగా గీకితే మట్టి పెచ్చులూ, వాటితోపాటు ఎండిపోయిన చిన్న చిన్న సాలీళ్లూ రాలాయి. పిల్లల తిండి కోసం అది దాచుకున్నవి.

శుభ్రం చేసి వింటే ఎడమ బేస్ తిరిగొచ్చింది. కానీ రెండు రోజులకే చెవికి ఏదో అడ్డం పడసాగింది. మృదంగం దెబ్బ పడ్డాక దాని వెనకే ఒక బొయ్యిమనే మోత సాగుతోంది. గూడు ఉన్నన్నాళ్లూ ఎడమ వైపు ఆ మోత లేదు! నేను నిండుదనం అనుకున్నదాంట్లో సగం గోడ చలవే. వెనక రంధ్రమున్న పెట్టెని నాలుగు వేళ్ల దూరంలో గోడకి పెడితే, గోడా మూలా కలిసి కింది స్వరాలను ఉబ్బించేస్తాయి. పేరు బుక్‌షెల్ఫ్ కదా అని అల్మరాలోకి తోస్తే ఇంకా ఎక్కువ.

స్పాంజి చుట్ట చేసి రెండు రంధ్రాల్లోనూ వదులుగా దోపాను. బేస్ కొంత తగ్గింది, తగ్గిన తర్వాత మృదంగంలో ఏ వేలు ఎక్కడ పడిందో విడివిడిగా తెలిసింది. ఏడేళ్లలో ఈ స్పీకర్లు నాకిచ్చిన గొప్ప ఆనందం అదే. వీలున్నవాళ్లు గోడకి మూరెడు దూరం జరిపితే స్పాంజి అవసరం పడకపోవచ్చు. మాకు ఆ చోటు లేదు.

నాదస్వరం, డోలు పెట్టి పదిమంది చుట్టాలు కూర్చుంటే మాత్రం ఇవి చాలవు. శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే యాంప్లిఫయర్ రెట్టింపు వాట్లు ఇవ్వాలి. వాల్యూమ్ తిప్పుతూ పోతే ఆ చిన్న ఊఫర్ రొప్పుతుంది, డోలు దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టు పలుకుతుంది. రాత్రి పది తర్వాత, కింది ఫ్లాటువాళ్లకి ఇబ్బంది లేకుండా, ఆరడుగుల దూరంలో ఒక్కణ్ణే కూర్చుని వింటాను కాబట్టి నాకు సరిపోయాయి. పెద్ద హాలుండి, ఇంట్లో పిల్లలు సినిమాలు చూసేవాళ్లయితే నేనే వేరేవి కొనేవాణ్ణి.

స్పాంజి ఈ మధ్య పొడి రాలుతోంది. ఆ పొడి లోపలికి పోకముందే మార్చాలి. ఈసారి కిటికీ వైపు రంధ్రానికి దోమతెర ముక్క కూడా కడతాను.