జిలేబీ చేప ఏ జాతో తేల్చాలంటే: రంగు చూడాలా, ముళ్లు లెక్కపెట్టాలా?

తిరుపతి, చిత్తూరు వైపు జిలేబీ అంటే తిలాపియా. ఆ ఒక్క పేరు కింద మొజాంబిక్ తిలాపియా, నైలు తిలాపియా రెండూ చలామణీ అవుతాయి. ఇవి సిక్లిడ్ అనే చేపల కుటుంబానివి. పులికాట్ సరుకైతే అదే కుటుంబానికి చెందిన మన దేశపు చేప పెర్ల్‌స్పాట్ కూడా కలిసి ఉండొచ్చు. మొజాంబిక్‌ను మన దేశానికి 1952లో తెచ్చారు. నైలు ఆ తర్వాత వచ్చింది.

అసలు సిక్లిడ్ అవునా కాదా అన్నది మూతి చెబుతుంది. చాలా చేపలకు ఒక్కో పక్క రెండేసి ముక్కు రంధ్రాలుంటే, సిక్లిడ్‌కు ఒక్కటే ఉంటుంది.

ఇక జాతి. చూడగానే తెలిసేది రంగే, ఎక్కువగా మోసం చేసేదీ అదే. గుడ్ల కాలంలో మొజాంబిక్ మగది నల్లగా మారుతుంది, గొంతు కింద తెల్లబడుతుంది, తోక అంచు ఎర్రనవుతుంది. నైలు మగదానికి ఒళ్లు ఎర్రబారుతుంది. మిగతా రోజుల్లో రెండూ బూడిద రంగే. బెదిరిన చేప ఒంటిమీద లేని పట్టీలు తేలతాయి, ఐసులో పడ్డాక ఉన్నవీ మాసిపోతాయి. రంగు ఒక్కటే చూసి పేరు రాయకండి.

ముళ్ల లెక్క అలా మారదు. చేపను తడిగుడ్డ మీద పడుకోబెట్టి, పొట్ట వెనక, తోకకు ముందున్న కింది రెక్కను సూదితో విప్పండి. గట్టి ముళ్లు మూడే ఉంటే తిలాపియా, పన్నెండో పదమూడో ఉంటే పెర్ల్‌స్పాట్. మొదటి ముల్లు చాలా పొట్టిది, పొలుసు చాటున దాక్కుంటుంది. లెక్క తప్పేది అక్కడే, అందుకే గోటితో తడిమి చూడాలి.

రెండు తిలాపియాలను విడదీయడానికి మాత్రం ఈ లెక్క పనికిరాదు, రెండింటికీ మూడే. అక్కడ తోకే మేలు. తోక రెక్కను విసనకర్రలా విప్పి వెలుతురుకు పట్టుకోండి. మొదలు నుంచి చివరిదాకా వరసగా నిలువు చారలుంటే నైలు, చారలు లేకుంటే మొజాంబిక్. తోక చిరిగిపోయిన చేపతో ఈ పని కాదు.

అప్పుడు మొప్పలు తెరవాలి. ఫొటోకు ఎడమ పక్క కావాలి కాబట్టి కుడివైపు కోయండి. మొదటి మొప్ప కమాను, అంటే మొప్పను మోసే వంపు ఎముక, తీసి, కడిగి, కింది కొమ్మ మీద దువ్వెన పళ్లలా ఉన్నవాటిని భూతద్దంతో లెక్కించండి. మొజాంబిక్‌కు 14 నుంచి 20, నైలుకు సాధారణంగా 20కి పైనే. సరిగ్గా 19, 20 దగ్గర ఆగితే ఈ లెక్క కూడా తేల్చదు.

చారలు తెగిపోయి, తోకలో సగం వరకే ఉంటే సంకరం కావచ్చు. ఈ రెండు జాతులూ కలుస్తాయి. అలాంటిదానికి ఏ ఒక్క జాతి పేరూ పెట్టకుండా, కనిపించిన లక్షణాలు, కొలతలు, పట్టిన చోటు రాసి ఉంచడమే నిజాయతీ. కల్యాణి డ్యామ్‌లో పట్టినదైనా, పిచ్చాటూరు ఆరణియార్‌లో పట్టినదైనా ఇంతే.