చదువుకోడానికి పడక కుర్చీనా, ఉయ్యాల బల్లా?

ఖర్చు: కుర్చీ కొంటే పని అయిపోయింది. ఉయ్యాలకి బల్ల, గొలుసులు, కొక్కేలు, బిగించే కూలీ అన్నీ కావాలి.

శ్రమ: కుర్చీ మడిచి గోడకి చేరేస్తే సరి. ఉయ్యాల కొక్కేలు శ్లాబు పోసేటప్పుడే కడ్డీలకి కట్టించుకోవాలి. తర్వాతైతే డ్రిల్లుతో యాంకర్ బోల్టులు దింపాలి. ఫాల్స్ సీలింగుకి తగిలిస్తే ఊడి నెత్తిన పడుతుంది.

ఇబ్బంది: కుర్చీ గుడ్డ ముందుగా చిరిగేది కర్ర దూర్చే కుట్టు దగ్గరే, ఏడాదికోసారి అక్కడ వేలితో నొక్కి చూడండి. గుడ్డ సాగితే నడుం వంగిపోతుంది, మార్చేయాలి. వెనక్కి వాలి చదివితే పుస్తకం ఎత్తి పట్టుకోవాలి, చేతులు పీకుతాయి. ఒళ్లో దిండు పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మాత్రం అందులోంచి లేవడమే పెద్ద పని.

ఉయ్యాల ఊగితే అక్షరాలూ ఊగుతాయి. బల్ల నేలకి 18 అంగుళాల ఎత్తులో ఉంటే పాదం ఆనించి ఆపుకోవచ్చు. కిర్రుమంటే గ్రీజు రాయండి. కొబ్బరినూనె దుమ్ము పట్టేస్తుంది.

అద్దె ఇల్లు, లావుపాటి నవల అయితే కుర్చీ. సొంతింటి వరండా, పొద్దున పేపరు, పక్కన ఇంకో మనిషి ఉంటే ఉయ్యాల.