స్కంక్ కంపుకి ఆ షాపులో అమ్మే సీసా కొనకండి, మా పిల్లి ప్రాణం మీదికొచ్చింది

న్యూజెర్సీలో మన వైపు పిల్లుల్ని, కుక్కల్ని పెంచుకునేవాళ్ళకి ఆ షాపు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పేరు రాయను. స్కంక్ (భయపడితే తోక కింద నుంచి కంపు ద్రవం చిమ్మే, నలుపు తెలుపు చారల చిన్న జంతువు) వాసనకి సొంత మందని సీసాలు పేర్చి అమ్ముతున్నది ఎవరో మీకే తెలిసిపోతుంది.

మొన్న రాత్రి మా పిల్లి బుజ్జి ఇంటి వెనక డెక్ (చెక్క అరుగు) కిందికి దూరింది. అక్కడ స్కంక్ పిల్లల్ని పెట్టుకుని ఉంది. సరిగ్గా బుజ్జి మొహం మీద కంపు ద్రవం చిమ్మింది. రబ్బరు కాలినట్టు, కుళ్ళిన వెల్లుల్లిలా ఒకటే కంపు. పాపం కళ్ళు తెరవలేక గోడకి తల రుద్దుకుంటోంది. కళ్ళు నీళ్ళతో కడిగి, రాత్రంతా కూర్చుని, పొద్దున షాపు తీయగానే వెళ్ళాను.

కౌంటర్ దగ్గరున్నది తెలుగబ్బాయే. రెండుసార్లు అడిగాను, "పిల్లి ఒళ్ళంతా నాక్కుంటుంది బాబూ, పర్లేదా?" అని. "అంతా నేచురల్ అక్కా, నాకినా ఏం కాదు. పెరాక్సైడ్, బేకింగ్ సోడా ముందే కలిపి పెట్టాం" అన్నాడు. తెచ్చి పట్టించాను. మధ్యాహ్నానికి బుజ్జి నోట్లోంచి చొంగ. లేచి నడవబోతే వెనక కాళ్ళు తేలిపోతున్నాయి. పట్టుకుంటే ఒళ్ళు చల్లగా తగిలింది.

వెంటనే వెట్ (జంతువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ సీసా అడిగి తీసుకుంది. ముందు వైపు పెద్ద ధర స్టిక్కర్. దాని అంచు ఒకచోట లేచి ఉంటే గోటితో మెల్లగా పీకింది. కింద ఎర్రక్షరాలు: 'కుక్కలకు మాత్రమే. పిల్లులపై వాడకూడదు.' వెనక చిన్నక్షరాల్లో టీ ట్రీ ఆయిల్. ఆ నూనెని పిల్లి లివర్ సరిగా విరగ్గొట్టలేదట, చర్మం మీద పడినా విషమేనట. పెరాక్సైడ్ పేరే లేదు. ఆ రాత్రి బుజ్జి హాస్పిటల్లోనే, సెలైన్‌తో, వెచ్చటి దుప్పటిలో ఉంది. ఇప్పుడు ఇంటికొచ్చింది, కొంచెం తింటోంది.

మర్నాడు స్టిక్కర్ ముక్క, సీసా పట్టుకుని షాపుకి వెళ్ళాను. ఓనరే ఉన్నాడు. "ఓపెన్ చేసిన సీసా వెనక్కి తీసుకోం. లేబుల్ చదువుకోవాల్సింది మీరే కదా" అన్నాడు. చదవాల్సిన చోటే మీరు స్టిక్కర్ వేశారు, చూడండి అని ముక్క చేతిలో పెట్టాను. చూశాడు. వేళ్ళ మధ్య చిన్న ఉండలా చుట్టి, చెత్తబుట్టలో పడేసి, నా వెనకున్నావిడతో "చెప్పండి మేడం" అన్నాడు. నేనక్కడే నిలబడి ఉన్నాను. నాతో నేచురల్ అని చెప్పిన అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తలేదు. డబ్బు పోతే పోయింది. ఒక ప్రాణం పోబోయిందని చెబుతుంటే కనీసం "ఎలా ఉంది?" అనలేదే! అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

ఇక ఆ 'ముందే కలిపిన' మాట పచ్చి అబద్ధం. పాల్ క్రెబామ్ అనే కెమిస్ట్ 1993లో బయటపెట్టిన, స్కంక్ కంపు పోగొట్టే ఫార్ములా అందరికీ అందుబాటులోనే ఉంది: ఒక క్వార్ట్ (దాదాపు లీటరు) 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, పావు కప్పు బేకింగ్ సోడా, ఒక టీస్పూన్ గిన్నెలు తోమే లిక్విడ్. కలిపిన వెంటనే వాడెయ్యాలి. మూత పెడితే ఆక్సిజన్ వచ్చి సీసా పగిలిపోతుంది. అంటే దాన్ని సీసాలో నింపి షెల్ఫ్‌లో పెట్టి అమ్మడం కుదరని పని. పిల్లికైతే వెట్‌ని అడిగాకే వాడండి. కళ్ళకి, నోటికి తగలనివ్వకండి, బాగా కడిగెయ్యండి. టమాటా రసం పోస్తే కంపు పోదు, మన ముక్కు అలవాటుపడుతుందంతే. స్కంక్ చిమ్మే స్ప్రేలో థయోఅసిటేట్లు అనే గంధకపు రసాయనాలు ఉంటాయి, తడి తగిలితే మళ్ళీ వాసనొస్తుంది. పోయిన కంపు తిరిగొచ్చిందని ఇంకో సీసా అంటగడతారు, కొనకండి.

ఇప్పటికే కొన్నవాళ్ళు స్టిక్కర్ పీకి చూడండి. పట్టించేసి ఉంటే, పిల్లి బాగానే ఉన్నట్టు కనిపించినా వెట్‌కి ఫోన్ చేయండి, సీసా పారెయ్యకుండా వెంట తీసుకెళ్ళండి. స్కంక్ స్ప్రేతో రేబిస్ రాదు. కానీ పిల్లి ఒంటి మీద పంటి గాటు కనిపిస్తే మాత్రం, టీకాలన్నీ వేయించి ఉన్నా సరే, అదే రోజు చూపించండి.