కిరాయి ఇంటి స్లాబుకు తెల్ల కోటింగ్: ఆరు వానకాలాలు చూసినంక రాస్తున్న

మాది హనుమకొండల నయీంనగర్ దిక్కు పాత ఇల్లు, 1996ల నాయిన కట్టించిండు, కింద రెండు పోర్షన్లు పైన రెండు, నాలుగూ కిరాయికే. 2019 మే నెలల స్లాబు మీద తెల్ల వాటర్ ప్రూఫ్ కోటింగ్ కొట్టించిన. డబ్బా తెచ్చిన వారానికే ఐదు స్టార్లు ఇచ్చి రాసినోళ్ల మాటలు నమ్మి అంతకుముందు వేరే సరుకు కొని పైసలు పోగొట్టుకున్న, అందుకే ఇది ఇన్నేండ్లు ఆగి రాస్తున్న.

కోటింగ్ లేనప్పుడు ప్రతి వానకాలం పై పోర్షన్ వంటింటి మూల ఉరిసేది. కిరాయిదార్లు ఫోన్ చేయంగనే మేస్త్రీని తీసుకపోయి పైన సిమెంటు పాలు పోయించేది, దసరాకు ముందు లోపట రంగు ఏయించేది, మళ్ల జూలై రాంగనే అదే మూల, అదే పసుపు మరక. నాలుగేండ్లల ఒక్క రంగులకే 26 వేలు దాటింది. లోపట ఎంత ఖరీదు రంగు ఏసినా పైన స్లాబుల నీళ్లున్నంత కాలం చెమ్మ బయటికి తోస్తనే ఉంటది, రంగు పెచ్చులు లేస్తనే ఉంటది. అసలు భయం రంగుది కూడా కాదు, స్లాబుల ఇనుముకు నీళ్లు తగిలితే తుప్పు పట్టి ఉబ్బుతది, ఉబ్బితే కింద కాంక్రీటు పెళ్లలు పెళ్లలు రాలుతది, అప్పుడు వేలల్ల పోయేది లక్షల్లకు వస్తది. మా పక్కింటోళ్లకు అట్లనే అయింది, వంటింట్ల చువ్వలు బయటికి కనవడుతున్నయి.

మా స్లాబు 900 చదరపు అడుగులు. 20 లీటర్ల డబ్బాలు రెండు పట్టినయి, కూలీ, జాలీ గుడ్డ, పగుళ్లల్ల పెట్టే పేస్టు అంత కలిపి 17 వేలు అయింది. ముందు ఇనుప బ్రష్షుతోటి నాచంత గీకి కడిగిచ్చిన, పిట్టగోడల మొలిచిన రావి మొక్కను వేరుతో సహా తీపిచ్చిన, పగుళ్లను ఉలితోటి కొంచెం వెడల్పు చేసి పేస్టు నింపిచ్చిన. స్లాబు పిట్టగోడ కలిసే మూల పొడుగునా జాలీ గుడ్డ పెట్టి దాని మీద కోటింగ్ కొట్టాలె, ఎందుకంటే ఎండకు స్లాబు సాగుతది, చలికి ముడుచుకుంటది, పగులు ముందు ఆ మూలకే వస్తది. మేస్త్రీ "అన్నా, జాలీ ఎందుకు, ఉత్త దండుగ ఖర్చు" అన్నడు, నేను ఇనలే, మంచిపనైంది. మొదటి కోటు నీళ్లు కలిపి పలుచగ, తర్వాత రెండు కోట్లు, ఒకటి అడ్డం ఒకటి నిలువు, మధ్యల ఒకరోజు గ్యాపు. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకనే కొట్టిచ్చిన, మిట్టమధ్యాహ్నం కాలిన స్లాబు మీద కొడితే పైపైన ఎండిపోతది, లోపటికి పట్టదు.

2020 ఆగస్టుల వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు మూడు రోజులు వాన ఆగకుంట కొట్టింది. కింద మా గల్లీల మోకాళ్ల లోతు నీళ్లు, అయినా నేను పోయి చూసింది పై పోర్షన్ వంటింటి మూలనే. ఎండి ఉంది. ఆ పోర్షన్ల ఉండే పెద్దమ్మ "బిడ్డా, ఈసారి బకెట్ పెట్టుడు తప్పింది" అన్నది, ఆ మాట ఇంటుంటే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. 2023 జూలై వానలకు కూడా ఆ మూల ఉరవలే.

ఎండకాలంల ఇంకో ఫాయిదా. మేల ఇక్కడ 44 డిగ్రీలు దాటుతది, ఇదివరకు రాత్రి పదింటికి కూడా పైకప్పు కింద నిలవడితె తల మీద సెగ కొట్టేది, ఇప్పుడు ఆ సెగ చాన తగ్గింది. 2023ల మన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ, అంటే ఎండను తిప్పికొట్టే పైకప్పుల పాలసీ, తెచ్చింది కూడా ఇందుకే, చిన్న ఇండ్లకు తప్పనిసరి కాదు గని పెట్టుకుంటె కిరాయిదార్లకు మస్తు సుఖం.

ఇగ లోపాలు. వాటర్ ట్యాంకు దిమ్మె పక్కన నీడ ఉంటది, కొట్టిచ్చే రెండు రోజుల ముందు అకాల వాన పడ్డది, అక్కడ స్లాబు పూర్తిగ ఆరకముందే కొట్టిన్రు. ఏడాదికి అరచెయ్యంత బుడగ లేసింది, కాలి బొటనవేలుతోటి నొక్కితే మెత్తగ లోపటికి పోయింది, బ్లేడుతో కోస్తే గోరువెచ్చటి నీళ్లు కారినయి. ఆ ముక్కంత కోసేసి నాలుగు రోజులు ఎండవెట్టి జాలీ గుడ్డతోటి మళ్ల కొట్టిచ్చిన, తర్వాత లేవలే. ఇంకోటి, ఒక కిరాయిదారు నాకు చెప్పకుంట డిష్ కోసం స్లాబుకు డ్రిల్లు కొట్టించిండు, ఆ నాలుగు బొక్కల కెళ్లి నీళ్లు దిగినయి, అప్పటి సంది అగ్రిమెంట్ల రాపిస్తున్న, ఏదైనా గోడకే బిగించుకోవాలె అని. మూడేండ్లకు తెలుపు పోయి నల్లగ అయితది, నల్లగైతె చల్లదనం కూడా పోతది, ఫిబ్రవరిల చీపురుతోటి కడిగియ్యాలె. తడిసినప్పుడు జారుతది, చిన్నపిల్లలుంటె మేడ తలుపుకు గొళ్లెం పెట్టుకోమనుర్రి. నాలుగో ఏడు పైన ఇంకొక కోటు కొట్టిచ్చిన, 7 వేలు అయింది.

మొత్తం 24 వేలు, ఆరేండ్లు. ఒక పోర్షన్ కిరాయి 6,500, ఇదివరకు ఉరుసుడుకు యాష్టకొచ్చి ఏడాదికొకరు ఖాళీ చేసేది, టు-లెట్ బోర్డు పెట్టి నెల, రెండు నెలలు తాళమే. ఇప్పుడు పైన ఇద్దరూ ఐదేండ్ల సంది ఉంటున్నరు.

కిరాయి ఇంటికి పనికొచ్చే మిగతావి తొందరగ చెప్త. మా బోరు నీళ్లు ఉప్పు, ఇసుక కూడా వస్తది, సగం తిప్పుడు ఫ్యాన్సీ నల్లాలు ఏడాదికే గట్టిపడి తిరగవు, మామూలు ఇత్తడి నల్లా పెట్టుర్రి, కారితే లోపట రబ్బరు వాచర్ ఒక్కటి మారిస్తె సరిపోతది. బాత్రూంకు ప్లైవుడ్ తలుపు వద్దు, కింద అంచు నాని పోతది, పీవీసీ మేలు. కరెంటు మీటరు మాత్రం పోర్షనుకొకటి తీసుకోండి, 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద రేషన్ కార్డు ఉన్నోళ్లకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు, కిరాయిదార్లకు కూడా వస్తది, ఒక్క మీటరు మీద ఇద్దరుంటె యూనిట్లు దాటిపోయి ఇద్దరికీ రాకుండ పోతది.

కోటింగ్ కొట్టిచ్చేటోళ్లు ముందురోజు రాత్రి స్లాబు మీద ప్లాస్టిక్ కవరు పరిచి అంచులకు టేపు ఏయండి. తెల్లారి కవరు కింద చెమట పట్టి ఉంటె స్లాబుల ఇంక తడి ఉన్నట్టే, ఆగుండ్రి, మేస్త్రీ ఎంత తొందరపెట్టినా సరే.