జాగ్రత్త: ముసురు రోజులకని "నెల సరుకుల కిట్టు" కొనేవాళ్లు ముందు ఇది చదవండి

కార్తీకం దగ్గర పడిందంటే తిరుపతి, చిత్తూరు ఇళ్లల్లో ఒకటే లెక్క మొదలవుతుంది: ముసురు పట్టుకుంటే ఎన్నాళ్లు బయటికి పోకుండా జరుగుతుంది అని. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైపోవడం, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి పోవడం ఎవరూ మరవలేదు. అందుకే ముసలివాళ్లు, చంటిపిల్లలు, ఆపరేషనై మంచం మీదున్నవాళ్లు ఉన్న ఇంట్లో నెలకు సరిపడా సరుకులు ఒకేసారి తెచ్చి పెట్టుకుంటారు. అందులో తప్పేం లేదు. జాగ్రత్తపడాల్సింది ఎట్లా కొంటున్నామనే దాని గురించి.

తుఫాను హెచ్చరిక వచ్చిన మరుసటి రోజే అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో "42 ఐటమ్స్, నెల కిట్టు, ఇంటికే డెలివరీ, ముందు సగం డబ్బులు పంపండి" అనే పోస్టులు దిగుతాయి. వీటిలో మోసం సాగేది ఒకే ఒక్క కారణంతో. నిల్వకని కొన్న సరుకు వచ్చిన రోజే ఎవరూ విప్పరు. కందిబేడల ప్యాకెట్టు మూడో వారంలో విప్పుతారు, నూనె రెండో డబ్బా అయిపోయాక మూడోది తెరుస్తారు. అప్పటికి బిల్లు ఎక్కడో పోయుంటుంది, వాపసు గడువు దాటుంటుంది, అమ్మినవాళ్ల ఫోన్ ఎత్తరు. కాబట్టి ఏం కొన్నా సరే, సరుకు గడప దాటిన గంటలోపల విప్పి చూడాలి. ఏం చూడాలో కింద రాస్తున్నాం.

మొదట ఆ "42 ఐటమ్స్" సంగతి. ఐటమ్స్ లెక్క చూడకండి, కిలోలు కూడండి. ఆవాలు 50 గ్రాములు, మెంతులు 50, సోంపు 25, అగ్గిపెట్టెలు, ఉప్పు రెండు ప్యాకెట్లు, సేమ్యా నాలుగు. ఇట్లా నింపితే నలభై దాటడం ఎంతసేపు? నలుగురున్న ఇంటికి నెలకు నిజంగా పట్టేది ఇంతే: మనిషికి రోజుకు 200 గ్రాముల బియ్యం అనుకుంటే 24 కిలోలు. నూనె రోజుకు 25 గ్రాముల చొప్పున 3 కిలోలు, అంటే 3.3 లీటర్లు. ఉప్పు రోజుకు 5 గ్రాముల చొప్పున కిలోలో సగం కాస్త దాటుతుంది. బేడలు అన్నీ కలిపి 4, 5 కిలోలు. మీ కిట్టులో కందిబేడలు ఒక కిలో, ఉప్పు రెండు కిలోలు ఉన్నాయంటే మీ వంటింటికి ఏం కావాలో చూసి కట్టిన మూట కాదది.

ప్యాకెట్టు సైజు చూసి మోసపోకండి. కిలో ప్యాకెట్టు లాగే కనిపించేది 900 గ్రాములు, లీటరు కవరు లాగే కనిపించే నూనె 850 మిల్లీలీటర్లు ఉండొచ్చు. నికర పరిమాణం సరిగా రాసి ఉన్నంతవరకు అది చట్టవిరుద్ధం కాదు, అందుకే చదవాలి. గ్రాముకో, కిలోకో, లీటరుకో ఎంత పడుతుందో యూనిట్ ధర కూడా ప్యాకెట్టు మీద ఉండాలి. పోల్చాల్సింది దాన్ని. నూనె బరువు నీళ్ల కంటే తక్కువ, ఒక లీటరు దాదాపు 910 గ్రాములు తూగుతుంది. "లీటరు" అని 850 గ్రాముల కవరు ఇస్తే 60 గ్రాములు పోయినట్టు.

బియ్యం బస్తాలో ఇంకో తికమక ఉంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. దాంతో చాలా మిల్లులు 26 కిలోల బస్తాలకు మారాయి. కాబట్టి ఒకరి బస్తా ధరను ఇంకొకరి బస్తా ధరతో నేరుగా పోల్చకండి, 25తోనో 26తోనో భాగించి కిలో ధర చూడండి. బస్తా మూతి దారం కూడా చూడండి. మిల్లు కుట్టిన దారం ఒక కొస లాగితే గొలుసులాగా ఊడి వచ్చేస్తుంది. చేత్తో తిరిగి కుట్టిన గుర్తులు, పాత సూది రంధ్రాలు కనిపిస్తే లోపల సరుకు మారుంటుంది. పాతవి అని చెప్పి కొత్త బియ్యం ఇవ్వడం మామూలుగా జరిగేదే. ఒక గ్లాసు వండితే తెలిసిపోతుంది. పాత బియ్యం ఎక్కువ నీళ్లు పీల్చి పొడిపొడిగా ఒదుగుతాయి, కొత్తవి అదే కొలత నీళ్లకు ముద్దైపోతాయి. సన్నబియ్యం పేరుతో రేషన్ బియ్యానికి మళ్లీ పాలిష్ పట్టి అమ్మడం కూడా ఉంది. రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున పోషకాల గింజలు కలుపుతూ వచ్చారు. అవి రంగులో కొంచెం తేడాగా కనిపిస్తాయి. అవి ప్లాస్టిక్ కాదు, తిన్నా ఏం కాదు. కానీ సోనా మసూరి ధర పెట్టి కొన్న బస్తాలో అవి ఎందుకున్నాయని మాత్రం గట్టిగా అడగండి.

కందిబేడల్లో కేసరి పప్పు కలుపుతారు. గుప్పెడు బేడలు తెల్ల కాగితం మీద పోసి చూడండి. కందిబేడ గుండ్రంగా ఉంటుంది. కేసరి పప్పు ఒక పక్కకు వాలుగా, నలుచదరంగా ఉంటుంది. అదే పనిగా ఎక్కువకాలం తింటే కాళ్లు చచ్చుబడిపోయే జబ్బు వస్తుంది కాబట్టి దీన్ని చిన్న విషయం అనుకోకండి. బేడలు గాజుగ్లాసు నీళ్లలో వేసి కదపకుండా ఉంచితే వెంటనే పసుపు రంగు దిగడం కూడా మంచి గుర్తు కాదు. మిరియాలు నీళ్లలో వేస్తే మునగాలి, బొప్పాయి గింజలైతే తేలతాయి. ఆవగింజ నలిపితే లోపల పసుపు రంగు ఉండాలి, తెల్లగా ఉండి పైన గరుకుగా తగిలితే అది బ్రహ్మదండి గింజ, దాన్ని నోట పెట్టకూడదు. ఎండుమిరపకాయ వంచితే పుటుక్కున విరగాలి, చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనాలి. మెత్తగా వంగితే తూకం కోసం నీళ్లు చల్లినట్టు. అట్లాంటివి వారంలో బూజు పడతాయి.

మన జిల్లాల్లో ఎక్కువ డబ్బు పోయేది చెనిక్కాయ నూనెలో. "గానుగ నూనె, స్వచ్ఛమైనది" అని పేరులేని క్యాన్లలో వస్తుంది. దీనికి లెక్క కట్టండి, ఏ పరీక్షా అక్కర్లేదు. గానుగలో కిలో నూనె రావాలంటే సుమారు 2.5 కిలోల గింజలు పడతాయి, అంటే లీటరుకు 2.25 కిలోలు. ఆ రోజు అంగట్లో గింజల ధరను 2.25తో గుణించండి. అందులోంచి, నూనె తీశాక మిగిలే చెక్క ధర తీసేయండి, ఆడించిన కూలి కలపండి. అంతకంటే బాగా తక్కువకు లీటరు ఇస్తున్నారంటే అది చెనిక్కాయ నూనె అయ్యే దారి లేదు. మిగతా భాగం పామోలినో, ఇంకేదో. ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టిందా లేదా చూడమని చాలామంది చెప్తారు, దాన్ని నమ్మకండి. చెనిక్కాయ నూనె కూడా చలికి చిక్కబడుతుంది. కవరు నూనె కొంటే ముందువైపు బొమ్మ చూడకుండా వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. కలిపిన నూనె అయితే ఏ నూనె ఎంత శాతమో రాసి ఉండాలి, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నెంబరు ఉండాలి. లేబుల్ లేని క్యాను నూనె ఎంత తెలిసినవాళ్లు తెచ్చిచ్చినా నెల నిల్వకు వద్దు. గింజలే కొనేవాళ్లు ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి, చేదెక్కినవి ఏరి పారేయండి. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా పూర్తిగా పోదు.

బెల్లం చిత్తూరు సరుకే అయినా రంగు చూసి మురిసిపోకండి. మెరిసే లేత పసుపు రంగు చాలాసార్లు హైడ్రోస్ అనే రసాయనం వేసి తెప్పించిందే. నిల్వకు ముదురు గోధుమరంగు గట్టి బెల్లం తీసుకోండి. చిన్న ముక్క నీళ్లలో కరిగించి అరగంట పెడితే అడుగున తెల్లటి సుద్ద దిగకూడదు. ముసురులో బెల్లం గాలిలోని చెమ్మ లాగి కారిపోతుంది కాబట్టి గాలి చొరబడని డబ్బా లేకుండా రెండు కిలోలకు మించి కొనొద్దు. రాగులు కూడా అంతే. నెలకని రాగిపిండి కొంటే చివరికి చేదెక్కుతుంది. గింజలు కొని, పది రోజులకు ఒకసారి మిషన్ పట్టించుకోండి. రవ్వ, మైదాలో దారాలు అల్లుకున్నట్టు ఉండలు కడితే పురుగు ముందే పట్టిందని అర్థం, వాపసు ఇచ్చేయండి. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు ఒకే సంచిలో పంపితే వేరు చేయండి, కలిపి పెడితే రెండూ త్వరగా పాడవుతాయి. ఎర్రగడ్డ మెడ దగ్గర నొక్కితే మెత్తగా ఉన్నవి ముందు వాడేయండి.

తేదీల విషయానికి వస్తే, అసలు తేదీని థిన్నర్‌తో తుడిచి కొత్తది కొట్టడం కొత్త పద్ధతేం కాదు. తేదీ ఉన్నచోట ప్లాస్టిక్ మెరుపు పోయి మసకగా ఉందా, ఇంకు వేలితో రుద్దితే ఊడుతోందా చూడండి. ఒకే అట్టపెట్టెలోంచి వచ్చిన ప్యాకెట్ల బ్యాచ్ నెంబర్లు పెట్టె మీది నెంబరుతో కలవాలి. "ఎమ్మార్పీ మీద 12 శాతం తగ్గింపు" అన్నప్పుడు అది ఏ ఎమ్మార్పీ? 2025 సెప్టెంబర్ 22 నుంచి స్నానం సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. పాత ఎమ్మార్పీ మీద తగ్గింపు చూపిస్తే ఆ తగ్గింపు ఎటూ మీకు రావాల్సిందే.

గ్యాస్ బండ దగ్గర మొహమాటపడకండి. గృహ వినియోగ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి. ఖాళీ బండ బరువు సిలిండర్ మీదే రాసి ఉంటుంది. అది 15.3 అయితే మొత్తం 29.5 తూగాలి. డెలివరీ మనిషిని తూచి చూపించమని అడిగే హక్కు మీకుంది. పైన ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి. బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. ఏ అంటే మార్చి, బీ జూన్, సీ సెప్టెంబర్, డీ డిసెంబర్ దాకా. ఆ గడువు దాటిన బండ దించుకోవద్దు. తుఫాను హడావుడిలో బ్లాకులో దొరికే రెండో బండను అసలు కొనొద్దు. లోపల గ్యాస్ దొంగిలించి సీలు మళ్లీ బిగించినవే ఎక్కువ, అట్లా తీసేటప్పుడు వాల్వు కూడా పాడవుతుంది. లీకు వాసన వస్తే 1906కు ఫోన్ చేయండి.

ఇక ప్రాణానికి సంబంధించినది. కొన్ని కిట్లతో "బియ్యంలో పురుగు పట్టని గోళీలు" ఉచితంగా ఇస్తారు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలైతే ఇంట్లోకే రానివ్వకండి. చెమ్మ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. ముసురులో తలుపులు, కిటికీలు మూసుకుని పడుకున్న గదిలో అది మనుషుల్ని చంపుతుంది. గోదాముల్లో శిక్షణ ఉన్నవాళ్లు వాడాల్సిన మందు అది, ఇళ్లకు కాదు. బియ్యం డ్రమ్ములో ఎండిన వేపాకు, ఎండుమిర్చి చాలు. కందిబేడలకు కిలోకు చిన్న చెంచా ఆముదం పట్టించండి. అట్లాగే లేబుల్ లేని దోమల అగరుబత్తీలు. వాటి మీద పురుగుమందు రిజిస్ట్రేషన్ నెంబరు లేకపోతే మూసిన గదిలో ఏ మందు పీలుస్తున్నారో తెలియదు. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పంపే యాసిడ్, ఫినాయిలు గుమ్మం దగ్గరే వెనక్కి ఇచ్చేయండి. బ్లీచింగ్ పౌడరు, బాత్రూమ్ యాసిడ్ ఎప్పుడూ కలవకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇంకో సంగతి, విడిగా తూచి ఇచ్చే బ్లీచింగ్‌లో మందు బలం తగ్గిపోయుంటుంది. తాజాగా 33 శాతం దాకా ఉండే క్లోరిన్ వేడికి, చెమ్మకు రోజురోజుకూ తగ్గిపోతుంది. అది వేశామని ట్యాంకు నీళ్లను నమ్మి తాగితే కష్టం.

సరుకు వచ్చినప్పుడు చేయాల్సింది ఇది. డబ్బంతా ముందే పంపొద్దు. పంపాలని పట్టుబడితే వాళ్ల అంగడి చిరునామా, బిల్లు మీద జీఎస్టీ నెంబరు అడగండి. ఆ రెండూ ఇవ్వనివాళ్ల దగ్గర సరుకే వద్దు. లగేజీ తూచే చేతి కాటా ఒకటి కొనిపెట్టుకోండి. సీలు తీయని రెండు కిలో ఉప్పు ప్యాకెట్లు తగిలించి అది సరిగ్గా చూపిస్తోందో లేదో ముందు చూసుకోండి. అంగట్లో తూచే ఎలక్ట్రానిక్ కాటా మొదట సున్నా చూపించాలి, తూనికల శాఖ ముద్ర ఏడాదికి ఒకసారి వేయించుకుని ఉండాలి. ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి, కిట్టు మూతి, లేబుల్, తూకం, విప్పడం అన్నీ మధ్యలో ఆపకుండా తీయండి. తేడా ఉన్న ప్యాకెట్టును వాడేయకండి, పారేయకండి. అదే రకంది ఇంకోటి విప్పకుండా పక్కన పెట్టండి, పరీక్షకు పంపాలంటే అదే కావాలి.

తేడా కనిపించిన రోజే అమ్మినవాళ్లకు వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పండి, ఫోన్ మాట సాక్ష్యం కాదు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తూకం, ఎమ్మార్పీ తేడాలైతే తూనికలు కొలతల శాఖ, కల్తీ అయితే ఆహార భద్రతా అధికారి. డబ్బు పంపాక సరుకే రాకపోతే అది సైబర్ మోసం, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే ఆ డబ్బు వేరే ఖాతాలకు మారిపోతుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు లేకుండానే ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు, వీడియో, విప్పని ప్యాకెట్టు, వాట్సాప్ మెసేజీల ఫొటోలు వెంట తీసుకెళ్లండి.